వెనక్కి మళ్ళిన విండోస్, వెలగని రెండో తెర

ల్యాప్‌టాప్‌లో కొత్త విండోస్ తీసేసి పాతది వేసినాక ప్రొజెక్టరో, టీవీయో, రెండో మానిటరో పలకడం మానేస్తే లోపం ఎక్కడుంది? కర్నూలు, కడప జిల్లాల్లోని రిపేరు షాపుల్లో, కాలేజీ ల్యాబుల్లో, డీటీపీ సెంటర్లలో ఈ ప్రశ్నకు నాలుగు రకాల జవాబులు వినిపిస్తాయి. డ్రైవర్ ఎక్కలేదంటారు ఒకరు. కేబుల్ మార్చి చూడమంటారు ఇంకొకరు. బయోస్‌లో ఏదో మారిందంటారు మూడోవారు. అసలు వెనక్కి పోవడమే తప్పని తేల్చేస్తారు నాలుగోవారు. నలుగురి మాటలోనూ నిజముంది. ఏ నిజం ఏ యంత్రానికి వర్తిస్తుందో చెప్పకపోవడంతోనే చర్చ చిక్కుపడింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడం ఆ చిక్కును ఇంకాస్త బిగించింది.

ఈ వ్యాసం నాలుగు వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. నా ఫిర్యాదు ఏ ఒక్క వాదం మీదా కాదు, పని మొదలుపెట్టే వరస మీద. బొమ్మ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడకుండానే మళ్ళీ ఫార్మాట్ కొడుతున్నారు.

అసలు వెనక్కి పోవడం ఎందుకు?

కొత్తది వచ్చాక పాతదాన్ని పట్టుకుని వేలాడటం మొండితనమని దూరం నుంచి చూసేవారికి అనిపించవచ్చు. ఇక్కడి పనులను దగ్గరగా చూస్తే కారణాలు గట్టివే. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప డీటీపీ సెంటర్లలో నేటికీ యూనికోడ్ కాని ‘అను’ లిపుల్లో, అడోబ్ పేజ్‌మేకర్‌లో తయారయ్యే శుభలేఖలు, కరపత్రాలు చాలా ఉన్నాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబ్ దృష్టంతా ఇన్‌డిజైన్ మీదికి పోయింది. విండోస్ ఎక్స్‌పీ నాటికే యూనికోడ్ తెలుగు, గౌతమి ఫాంటు అందుబాటులోకి వచ్చినా, ఆపరేటర్ల వేళ్ళకు పట్టిన కీబోర్డు వరసలు, ఏళ్ళ తరబడి దాచుకున్న పాత ఫైళ్ళు అను లిపివే. అవి కుదురుగా నడిచే విండోస్‌ను కదపడం వారికి ఇష్టముండదు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా మొదటి పని పాత విండోస్ ఎక్కించడమే.

అలాంటి చోట రెండో తెర లేకపోతే పని సాగదు. పెళ్ళివారు ఎదురుగా కూర్చుని, తమవైపు తిప్పిన మానిటర్‌లో ఇంటిపేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం పేరు ఒక్కొక్కటే చదివి సరిచూసుకుంటారు. ఆ తెర ఆరిపోతే నలుగురూ లేచి ఆపరేటర్ కుర్చీ వెనక గుమిగూడాలి. అలాంటప్పుడే తప్పులు దాటిపోతాయి, కార్డులు మళ్ళీ అచ్చు వేయాల్సి వస్తుంది.

కాలేజీల కారణాలు వేరు. ల్యాబుల్లో టర్బో సీ లాంటి 16-బిట్ ప్రోగ్రాములు నేరుగా నడవాలంటే 32-బిట్ విండోస్ కావాలి. విండోస్ 11కు 32-బిట్ రూపమే లేదు. ప్రాజెక్టు రివ్యూ, వైవా, సెమినార్ ఏదైనా ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు తగిలించాల్సిందే. 2008లో మొదలైన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ విద్యార్థుల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పే పద్ధతిని ఈ ప్రాంతానికి తెచ్చింది. 2015లో కర్నూలుకు ఐఐఐటీడీఎం వచ్చింది. నాడు-నేడు పథకం కింద ప్రభుత్వ బడుల గోడలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు చేరాక హెచ్‌డీఎంఐ తీగతో టీచర్లకూ పని పడింది.

మూడో కారణం సెకండ్‌హ్యాండ్ యంత్రాలు. కంపెనీలు వాడి వదిలేసిన ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు చవకగా దొరుకుతాయి. విండోస్ 11కు అధికారికంగా ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఆ నిబంధనను దాటవేసి 11 ఎక్కించడం, యంత్రం మందగించాక 10కో, మరీ వెనక్కి 7కో మళ్ళడం ఇక్కడ మామూలైంది.

నాలుగు విడతల వెనకడుగు

మొదటి విడత విస్టాతో వచ్చింది. 2007 జనవరి చివర్లో అది జనంలోకి రాగానే చాలామంది ఎక్స్‌పీకి తిరిగిపోయారు. విస్టా నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్ల నిర్మాణమే మారింది. డబ్ల్యూడీడీఎం అనే కొత్త పద్ధతి వచ్చింది. విస్టాకు రాసిన డ్రైవర్ ఎక్స్‌పీలో పనికిరాదు. తయారీదారు ఎక్స్‌పీ డ్రైవర్ విడిగా ఇస్తేనే రెండో తెర వెలిగేది.

రెండో విడత 2012 అక్టోబర్‌లో విండోస్ 8 వచ్చాక. స్టార్ట్ మెనూ పోయిందన్న కోపంతో జనం 7కు మళ్ళారు. అదే సమయంలో పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ, దానితో పాటు సెక్యూర్ బూట్ వచ్చి కూర్చున్నాయి. చిక్కు డ్రైవర్ నుంచి ఫర్మ్‌వేర్ దాకా పాకింది.

మూడో విడత అన్నిటికన్నా కఠినమైనది. 2015 జులైలో విండోస్ 10 వచ్చింది. ఇకపై కొత్త ప్రాసెసర్లకు ఆనాటి కొత్త విండోస్ మాత్రమే తోడని 2016 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్లకు విండోస్ 7 గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అధికారికంగా ఇవ్వలేదు. 2017లో అలాంటి యంత్రాల్లో 7కు, 8.1కు అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. విండోస్ 7లో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేకపోవడంతో ఆరో తరం నుంచే ఇన్‌స్టాలేషన్ మధ్యలో కీబోర్డు, మౌస్ పలకకుండా పోయిన యంత్రాలు ఎన్నో.

నాలుగో విడత 2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చాక మొదలైంది. ఇది పోల్చి చూస్తే తేలికైనది. చాలా కంపెనీల గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకటే ప్యాకేజీగా 10కూ, 11కూ పనిచేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం కావాలి. 11 నుంచి 10కు రావడం ఒక మెట్టు దిగడమైతే, 10 నుంచి 7కు పోవడం మిద్దె మీంచి దూకడం. రెండిటినీ ఒకే గాటన కట్టి సలహాలిస్తే సగం మందికి నష్టమే. ఏడో తరం ల్యాప్‌టాప్ సంగతే చూడండి. ఒకటీ అరా మినహాయింపులు వదిలేస్తే, అధికారికంగా దానికి 7 లేదు, 11 లేదు, ఉన్నది 10 ఒక్కటే. అలాంటి యంత్రానికి ఏ విండోస్ వేయాలో యజమాని ఇష్టం కన్నా ప్రాసెసర్ తరమే ముందుగా నిర్ణయించేస్తుంది.

డ్రైవర్ వాదం

నాలుగు వాదాల్లో బలమైనది ఇదే. దీని వెనక ఉన్న పద్ధతి తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. పవర్ బటన్ నొక్కగానే తెర మీద బొమ్మ గీసేది విండోస్ కాదు, ఫర్మ్‌వేర్. విండోస్ మొదలయ్యాక సరైన డ్రైవర్ దొరకకపోతే ఫర్మ్‌వేర్ సిద్ధం చేసిన ఆ ఒక్క తెరనే అలాగే వాడుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో అప్పుడు కనిపించే పేరు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్. విండోస్ 7లో అయితే స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్. ఈ స్థితిలో రెండు తెరలను విడివిడిగా నడిపే శక్తి దానికి లేదు. కొత్తగా తీగ తగిలిస్తే గుర్తించదు, బొమ్మ 1024×768 లాంటి మొరటు కొలతలో ఇరుక్కుంటుంది. విండోస్ గుర్తు మీటతో పాటు పి నొక్కితే మరో తెరకు ప్రొజెక్ట్ చేయలేనని జవాబిస్తుంది.

కాబట్టి ఎవరైనా చూడాల్సిన మొదటి చోటు డివైస్ మేనేజర్. అక్కడ డిస్‌ప్లే అడాప్టర్ల కింద ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా పేరు రాకుండా బేసిక్ అని వస్తే కేబుల్ జోలికి పోనక్కరలేదు. పేరు తెలియకపోతే హార్డ్‌వేర్ ఐడీ చూడాలి. తయారీదారు సంఖ్య 8086 ఉంటే ఇంటెల్, 1002 ఉంటే ఏఎండీ, 10డీఈ ఉంటే ఎన్‌విడియా. పక్కన ఉండే డివైస్ సంఖ్యను బట్టి చిప్పు తరం తెలుస్తుంది. ముందు చిప్‌సెట్ డ్రైవర్, తర్వాత ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్, ఆ తర్వాత విడి గ్రాఫిక్స్ కార్డు అన్న వరసలో ఎక్కిస్తే గొడవలు తక్కువ.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో మెలిక ఉంది. రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి. కొన్ని మోడళ్ళలో హెచ్‌డీఎంఐ పోర్టు ఇంటెల్ చిప్పుకు కాక నేరుగా ఎన్‌విడియా చిప్పుకు కలిపి ఉంటుంది. ఇంటెల్ డ్రైవర్ ఒక్కటే ఎక్కిస్తే ల్యాప్‌టాప్ తెర చక్కగా వెలుగుతుంది, ఎన్‌విడియా డ్రైవర్ వేసేదాకా హెచ్‌డీఎంఐ మాత్రం చచ్చినట్టే ఉంటుంది. ల్యాప్‌టాప్ తెర బాగుంది కదా, డ్రైవర్ బాగానే ఉందన్న తీర్పు ఇక్కడ తప్పుతుంది. ఏ పోర్టు ఏ చిప్పుకు వెళ్తుందో ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లోని ఫిజ్‌ఎక్స్ పేజీలో బొమ్మగా కనిపిస్తుంది. రెండు చిప్పులున్న యంత్రం విప్పే ముందు చూడాల్సిన పేజీ అది.

విండోస్ 7కు పోయినవారికి సంతకాల చిక్కు కూడా ఉంది. ఆ తర్వాతి కాలపు డ్రైవర్లు షా-2 పద్ధతిలో సంతకం చేసి వస్తాయి. ఏళ్ళ కిందటి పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించిన విండోస్ 7కు ఆ సంతకం చదవడం రాదు. సర్వీస్ ప్యాక్ 1, ఆ మీద షా-2 అప్‌డేట్ వేస్తేనే చదువుతుంది. లేకపోతే డ్రైవర్ ఎక్కినట్టే కనిపించి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 52 అని ఆగిపోతుంది. చేతిలో ఉన్న డ్రైవర్ సరైనదే అయినా షాపుల్లో దాన్ని పారేసి ఇంకోదాని కోసం వెతుకుతుంటారు.

ఈ వాదానికి హద్దులూ ఉన్నాయి. డ్రైవర్ ఎంత కొత్తదైతే అంత మంచిదన్న నమ్మకం వాటిలో ఒకటి. 2018 చివర్లో విండోస్ 10 1809కు మారిన కొన్ని యంత్రాల్లో ఇంటెల్ డ్రైవర్ లోపం వల్ల హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ-సీ, డిస్‌ప్లేపోర్ట్ తెరలకు ధ్వని వెళ్ళకుండా పోయింది. అలాంటి యంత్రాలకు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్టే నిలిపివేసింది. వెనక్కి పోయినవారికే కాదు, ముందుకు పోయినవారికీ రెండో తెర చెడుతుందనడానికి ఇది సాక్ష్యం. ఇక అన్ని యంత్రాలకూ ఒకే డ్రైవర్ ప్యాక్ ఎక్కించే అలవాటును నేను సమర్థించలేను. అది యంత్రం మోడల్ చూడదు, అవసరం లేనివి కూడా కుక్కుతుంది. సర్వీస్ ట్యాగ్ లేదా మోడల్ నంబర్ పెట్టి తయారీదారు దగ్గరి నుంచి తీసుకున్న డ్రైవర్‌కు అది సాటి రాదు.

తీగ, పోర్టు, ఎర్త్

డ్రైవర్ వాదులు తేలిగ్గా తీసిపారేసే వాదం ఇది. ఫార్మాట్‌కు ముందు ఉన్న ఓఎస్‌లో నిన్నటిదాకా పనిచేసిన కేబుల్ ఈరోజు ఎలా చెడుతుందని అడుగుతారు. అడగడం సబబే. దానికి తగిన జవాబు కూడా ఉంది.

తెర తన కొలతలను ల్యాప్‌టాప్‌కు తానే చెప్పుకుంటుంది. ఆ సమాచారాన్ని ఈడీఐడీ అంటారు, దాని మొదటి ముక్క 128 బైట్లు. వీజీఏ తీగలో అది 12, 15 పిన్నుల మీదుగా వస్తుంది. చవక వీజీఏ తీగల్లో ఈ పిన్నులను కలపని రకాలున్నాయి. గట్టిగా నొక్కి తగిలించినప్పుడు వంగిపోయిన పిన్నులూ ఉంటాయి. నిన్నటిదాకా ఎలా పనిచేసిందంటే, తీసేసిన విండోస్ ఆ ప్రొజెక్టర్‌కు సరిపడే అమరికను ఎప్పుడో దాచుకుంది. ఫార్మాట్ కొట్టగానే ఆ జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోయింది. కొత్తగా అడిగితే తెర జవాబు చెప్పలేదు. తీగ లోపం ముందు నుంచీ ఉన్నదే, ఫార్మాట్ దాన్ని బయటపెట్టింది. విండోస్ 7లో గుర్తించని వీజీఏ తెరకు ఎలాగైనా కలపమని బలవంతం చేసే ఎంపిక ఉంది. దానితో బొమ్మ వస్తే తీగలో ఈడీఐడీ దారి తెగిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

హెచ్‌డీఎంఐలో 19 పిన్నులు. సమాచారం 15, 16 మీద, 5 వోల్టుల విద్యుత్తు 18 మీద, తెర తగిలిందన్న కబురు 19 మీద వస్తాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న అడాప్టర్ ఆ 18వ పిన్ను విద్యుత్తుతోనే బతుకుతుంది. ప్రమాణం ప్రకారం ల్యాప్‌టాప్ ఇవ్వాల్సింది కనీసం 55 మిల్లీ ఆంపియర్లే. అంతకన్నా ఎక్కువ తాగే అడాప్టర్ ఒక యంత్రంలో పనిచేసి ఇంకో యంత్రంలో మొరాయిస్తుంది. ఇలాంటి అడాప్టర్లు ఒకే దిశలో పనిచేస్తాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేదాన్ని తిప్పి తగిలిస్తే బొమ్మ రాదు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే మామూలు తీగ కథా ఇంతే. యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన అందులోంచి బొమ్మ వస్తుందన్న హామీ లేదు. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూడాలి. డాకింగ్ స్టేషన్లలో (డాకుల్లో) కొన్ని డిస్‌ప్లేలింక్ చిప్పుతో పనిచేస్తాయి, వాటికి వేరే డ్రైవర్ కావాలి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సినది ఎర్తింగ్. ఎండిన నేల కరెంటును సరిగ్గా పీల్చుకోదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల కొద్ది లోతులోనే నాపరాయి తగులుతుంది, ఎర్త్ కడ్డీ దిగదు. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చి కడ్డీకి ఎడం అవుతుంది. ఉప్పు, బొగ్గు వేసి గుంత తవ్వినా, మార్చి తర్వాత అందులో నీళ్ళు పోసేవారు తక్కువ. ల్యాప్‌టాప్ చార్జర్లు చాలా వరకు రెండు పిన్నులవి, లేదా మూడో పిన్ను ఎక్కడికీ కలవని సాకెట్లో పెట్టినవి. లోహపు అంచు మీద చేయి పెడితే చిమచిమలాడేది అందుకే. అలాంటి ల్యాప్‌టాప్‌ను ఎర్త్ ఉన్న ప్రొజెక్టర్‌కో, డిష్ కేబుల్ కలిపిన టీవీకో ఆన్‌లో ఉండగా తగిలిస్తే ఆ వోల్టేజీ తేడా పోర్టు వెనక చిప్పు మీద పడుతుంది. చాలాసార్లు ఏమీ కాదు. ఏదో ఒకరోజు పోర్టు పోతుంది. అది ఓఎస్ మార్చిన వారంలోనే జరిగితే నింద విండోస్ నెత్తిన పడుతుంది. రెండు యంత్రాలూ ఆపి, ముందు హెచ్‌డీఎంఐ తగిలించి, తర్వాత కరెంటు ఇవ్వడం ఖర్చు లేని జాగ్రత్త. సెమినార్ హాళ్ళలో ఇది ఒక నియమంగా గోడ మీద రాసిపెట్టదగింది.

ఫర్మ్‌వేర్ వాదం

విండోస్ వెనక్కి వెళ్తుంది, బయోస్ వెళ్ళదు. కొత్త విండోస్ అప్‌డేట్‌లోనే చాలా ల్యాప్‌టాప్‌లకు బయోస్ కూడా నవీకరణ అవుతుంది. ఓఎస్ మార్చినాక కూడా ఆ కొత్త బయోస్ అలాగే ఉంటుంది. డాకుల్లోని ఫర్మ్‌వేర్‌ది కూడా అదే దారి. విండోస్ 7 మొదలయ్యేటప్పుడు పాత బయోస్ పద్ధతి వీడియో సేవలను అడుగుతుంది. ఆ పాత పద్ధతిని అనుకరించే సీఎస్‌ఎం లేని ల్యాప్‌టాప్‌లో 7 లోగో దగ్గరే ఆగిపోతుంది. రెండో తెర దాకా పోయే అవకాశమే రాదు. 11 నుంచి 10కు వచ్చినవారికి మాత్రం ఈ వాదం అరుదుగా వర్తిస్తుంది. వారు సీఎస్‌ఎం జోలికి పోకుండా, బయోస్ సెట్టింగులను డిఫాల్ట్‌కు తెచ్చి చూస్తే చాలు. తయారీదారు అనుమతించని పాత బయోస్‌ను బలవంతంగా ఎక్కించడం వల్ల యంత్రం పూర్తిగా పోవచ్చు. రెండో తెర కోసం అంత సాహసం అక్కరలేదు.

వెనక్కి పోకూడదన్న వాదం

భద్రత కోణంలో ఈ వాదం తిరుగులేనిది. విండోస్ 7కు సాధారణ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. బ్యాంకు లావాదేవీలు, విద్యార్థుల వివరాలు ఉండే యంత్రంలో దాన్ని ఇంటర్నెట్‌కు కలపడం ప్రమాదమే. లైసెన్సు సంగతి కూడా ఉంది. ప్రో ఎడిషన్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు పాత ప్రోకు మళ్ళే హక్కు ఉంటుంది, హోమ్ ఎడిషన్‌కు ఉండదు. షాపుల్లో ఈ తేడా అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు.

ఐతే ఈ వాదం ఒక తేడాను పట్టించుకోదు. వెనక్కి పోవడంలో రెండు దారులున్నాయి. సెట్టింగుల్లో ఉన్న గో బ్యాక్ దారిలో పోతే పాత విండోస్ తన డ్రైవర్లతో సహా తిరిగొస్తుంది. విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో అవన్నీ పదిలంగా ఉంటాయి. విండోస్ 10 తొలి రోజుల్లో దీనికి 30 రోజుల గడువుండేది, 2016 నుంచి 10 రోజులే. డిజ్మ్ అనే ఆజ్ఞతో ముందే అడిగితే 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. రెండో దారి ఫార్మాట్ కొట్టి శుభ్రంగా ఎక్కించడం. అక్కడ డ్రైవర్లు సున్నా నుంచి మొదలు. ఇక్కడి షాపుల్లో దాదాపు అందరూ రెండో దారినే పడతారు, రెండో తెర గొడవల్లో పెద్ద వాటా అక్కడే పుడుతుందని నా అంచనా. ఫార్మాట్‌కు ముందు అదే డిజ్మ్ ఆజ్ఞతో ఉన్న డ్రైవర్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి దించుకోవచ్చు. 11 నుంచి 10కు వచ్చేవారికి వాటిలో చాలా మళ్ళీ పనికొస్తాయి. 7కు పోయేవారికి పనికిరావు.

లినక్స్, మ్యాక్ వైపు ఒక చూపు

ఈ చిక్కు విండోస్‌కే పరిమితం కాదు. 2018 వసంతంలో మ్యాక్ ఓఎస్ 10.13.4 రాగానే డిస్‌ప్లేలింక్ డాకుల మీద నడిచే తెరలు ఆరిపోయాయి. వాడుకదారులు 10.13.3కు తిరిగిపోయి వాటిని వెలిగించుకున్నారు. అక్కడ వెనకడుగే పరిష్కారమైంది.

లినక్స్‌లో కొత్త ల్యాప్‌టాప్ మీద పాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) రూపం వేస్తే కెర్నల్‌కు ఆ గ్రాఫిక్స్ చిప్పు తెలియకపోవచ్చు. ఇంకో మామూలు కారణం, ఇన్‌స్టాలేషన్ అప్పుడు అవసరార్థం పెట్టిన నోమోడ్‌సెట్ అనే మాటను తర్వాత తీయడం మరిచిపోవడం. అది ఉన్నంతకాలం గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా లేవదు, రెండో తెర కనిపించదు. లినక్స్‌లో ప్రతి పోర్టు పక్కన తెర తగిలిందో లేదో డీఆర్ఎం ఫోల్డర్‌లో చదువుకోవచ్చు. ఆ నిక్కచ్చితనమే తర్వాత చెప్పబోయే పరీక్షకు పనికొస్తుంది.

ఏ పరీక్ష ఏ వాదాన్ని తేలుస్తుంది

ల్యాప్‌టాప్ ఆపి, తెర తగిలించి, ఆన్ చేయాలి. కంపెనీ లోగో లేదా బయోస్ పేజీ బయటి తెర మీద వచ్చి, విండోస్ రాగానే మాయమైతే తీగ, పోర్టు, ప్రొజెక్టర్ మూడూ నిర్దోషులు. డ్రైవర్ వాదం గెలిచినట్టు. లోగో రాకపోతే మాత్రం తొందరపడి పోర్టును దోషి అనకూడదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ లోపలి తెరకే బొమ్మ పంపుతుంది, డిస్‌ప్లేలింక్ డాకులు ఓఎస్ వచ్చేదాకా ఎప్పుడూ పలకవు.

అప్పుడు రెండో పరీక్ష. పెన్‌డ్రైవ్‌లో ఇటీవలి ఉబుంటు లినక్స్ పెట్టి, డిస్కులో ఏమీ మార్చకుండా ట్రై పద్ధతిలో నడపాలి. అందులో రెండో తెర వెలిగితే లోపం విండోస్ వైపే. రెండు వేరువేరు తీగలతో, రెండు వేరువేరు తెరలతో కూడా వెలగకపోతే పోర్టు అనుమానం బలపడుతుంది. ఎన్‌విడియాకు కలిపిన పోర్టు విషయంలో ఈ పరీక్ష అంత నమ్మదగింది కాదు, ఎందుకంటే ఉబుంటులోనూ ఆ డ్రైవర్ కథ వేరు. అక్కడ చిప్పు పేరు ముందు తెలుసుకోవాలి.

లక్షణాల తేడా కూడా దారి చూపిస్తుంది. తెర అసలు గుర్తింపులోకే రాకపోతే డ్రైవర్, లేదా ఈడీఐడీ తీగలు. పేరు కనిపించి బొమ్మ నల్లగా ఉంటే తెర తట్టుకోలేని కొలత లేదా రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్‌కు, తక్కువ కొలతకు దించి చూడాలి. బొమ్మ వచ్చి ధ్వని రాకపోతే డిస్‌ప్లే ఆడియో డ్రైవర్, లేదా సౌండ్ సెట్టింగులో ల్యాప్‌టాప్ స్పీకరే ఎంచి ఉండటం. కదిలిస్తే వచ్చి పోతుంటే తీగ. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రాక, రీస్టార్ట్ చేస్తే వస్తే ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగడం కాదు, కెర్నల్ స్థితి డిస్కులో దాగి మర్నాడు అలాగే లేస్తుంది. విండోస్ 10లో విండోస్ గుర్తు, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. ఫార్మాట్‌కు ముందు ఇవన్నీ చేయడానికి అరగంట సరిపోతుంది.

ఇంకా తేలనివి

పాత డ్రైవర్లను ఎంతకాలం అందుబాటులో ఉంచాలన్నది కంపెనీల ఇష్టానికే మిగిలింది. ఒక మోడల్ పేజీ నుంచి పాత డ్రైవర్ తీసేస్తే, ఆ ల్యాప్‌టాప్ ఇంకా వాడేవారు అనామక ఫైళ్ళ మీద ఆధారపడాలి. ఒకే మోడల్ యంత్రాలు పదుల్లో కొనే కాలేజీలు ఆ డ్రైవర్లను తమ దగ్గరే దాచుకోవాలా, టెండరులోనే ఆ షరతు పెట్టాలా అన్న చర్చ మొదలే కాలేదు.

రెండోది వర్చువల్ మెషీన్ దారి. కొత్త విండోస్ మీదే ఒక కిటికీలో పాత విండోస్‌ను నడిపితే రెండో తెర సంగతి కొత్త విండోస్ చూసుకుంటుంది, పేజ్‌మేకర్ లోపల నడుస్తుంది. డీటీపీ సెంటర్లకు ఇదే మేలైన మధ్యేమార్గమని నాకు తోస్తుంది. 4 జీబీ మెమొరీతో నడిచే యంత్రాల మీద అది ఈడ్చుకుంటూ సాగుతుంది. పాత విండోస్‌కు విడిగా లైసెన్సు కావాలి. డాంగిల్ అడిగే సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీని లోపలికి మళ్ళించాలి. ఆ ఖర్చు కన్నా యూనికోడ్‌కు మారడం చవకా అన్నది ఒక్కో సెంటర్ పాత ఫైళ్ళ గుట్టను బట్టి ఉంటుంది.

మూడోది ప్రొజెక్టర్లు. వీజీఏను 2015 కల్లా వదిలేస్తామని 2010 డిసెంబర్‌లోనే ఇంటెల్, ఏఎండీ పెద్ద ల్యాప్‌టాప్ కంపెనీలతో కలిసి ప్రకటించాయి. తరగతి గదుల పైకప్పుల్లో గొట్టాల గుండా లాగిన పొడవాటి వీజీఏ తీగలు మాత్రం చాలాచోట్ల అలాగే ఉన్నాయి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడల్లా ఒక అడాప్టర్ కొంటూ పోవాలా, ఒక్కసారి ఖర్చు పెట్టి గది మొత్తానికి హెచ్‌డీఎంఐ, దానితో పాటే సరైన ఎర్త్ వేయించాలా? లెక్క వేస్తే రెండోదే నిలుస్తుందని నా నమ్మకం. కాలేజీ బడ్జెట్లలో తీగలకూ ఎర్త్‌కూ విడిగా ఒక పద్దు అరుదు కాబట్టి ఆ లెక్క ఎవరూ వేయడం లేదు.

చివరిది గడువు. విండోస్ 10కు వ్యక్తులకు భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబర్ 13 దాకా, సంస్థలకు డబ్బు కడితే మూడేళ్ళ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆరో, ఏడో తరం ల్యాప్‌టాప్‌లున్న ల్యాబులకు ఆ గడువు తర్వాత మిగిలే దారులు మూడు. ఇంటర్నెట్ లేకుండా 10తోనే నడపడం, లినక్స్‌కు మారడం, యంత్రాలు మార్చడం. తెలుగు లినక్స్ కోసం స్వేచ్ఛ సంస్థ ఏళ్ళుగా చేసిన పని రెండో దారికి కొంత ఆసరా. పాత ప్రొజెక్టర్, వీజీఏ అడాప్టర్ ఆ లినక్స్‌తో ఎలా నడుస్తాయో మాత్రం ఒక్కో ల్యాబు తన గదిలోనే, తన తీగలతోనే పరీక్షించి చూడాలి.